మేకు లేని చెప్పులు

మూడోసారి కూడా కుప్పంలో సంఘ పెద్దలు జయరత్నాన్ని కాదన్నారు. పల్లెల్లో వాక్యం చెప్పే ఉపదేశి పనికి పేర్లిచ్చినవాళ్ళు నలుగురు. ఒక్కొక్కరూ పది నిమిషాలు ప్రసంగం చేయాలి. నెలరోజులుగా వల్లెవేసుకున్నదంతా గుడిలో జనం ఎదుట నిలబడగానే జయరత్నం తలలోంచి ఎగిరిపోయింది. రెండు మాటలు చెప్పాడు. అవే రెండు మాటలు మళ్ళీ చెప్పాడు. చెమటలు తుడుచుకుని కూర్చున్నాడు.

"దేవుడు నీకు ఏదో ఒకటి ఇచ్చే ఉంటాడప్పా," అన్నారు పాస్టరయ్య, నొప్పించకుండా. "ఇది మాత్రం కాదనిపిస్తాంది."

ఆ మాట బస్సులో దారి పొడుగునా అతన్ని పొడుస్తూనే ఉంది. ఏమిచ్చాడో జయరత్నానికి తెలుసు. దాన్ని తలచుకోవడమే అతనికి ఇష్టం లేదు.

అతని తండ్రి పుంగనూరు పక్క పల్లెలో చెప్పులు కుట్టేవాడు. బావుల్లో కపిలతో నీళ్ళు తోడే రైతులకు తోలు బానలు కూడా ఆయనే కుట్టేవాడు. జయరత్నం పదేళ్ళకే తండ్రి పక్కన కూర్చుని ఆరెతో తోలుకు చిల్లి పొడిచి, నీటి చుక్క దూరని కుట్టు వేయడం నేర్చుకున్నాడు. తండ్రి పోయాక తల్లి యేసమ్మ అతన్ని మదనపల్లెకు తీసుకుపోయి మిషన్ బళ్ళో వేసింది. "ఈ పని మీ నాయనతోనే ఆగిపోవాల," అని ఒకే ఒక్క మాట చెప్పింది. ఎనిమిదో తరగతి దాకా చదివినవాడికి అక్కడే ఒక మిషన్ ఆసుపత్రిలో చీట్లు రాసే పని దొరికింది. ఇరవై ఆరేళ్ళొచ్చినా అతను దేవుణ్ణి అడిగే కోరిక ఒక్కటే. నోరు తెరిస్తే నలుగురూ నిలబడి వినే నాలుక ఇవ్వమని.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ఏడాదైనా పెట్రోలుకు ఇంకా కటకటగానే ఉంది. ప్రతి గురువారం నర్సు ప్రేమకుమారితో కలిసి అతను బొగ్గుతో నడిచే బస్సెక్కి పుంగనూరు పోయేవాడు. ఊరి బయట రేకుల చావిడిలో పెద్దరోగం, అంటే కుష్ఠు, ఉన్నవాళ్ళకు ఆమె నూనె సూదులు వేసేది, పుండ్లు కడిగి కట్లు కట్టేది. జయరత్నం పేర్లు రాసుకుని, నాలుగు మంచి మాటలు చెప్పాలి. పేర్లు రాసేవాడు. మాటలు గొంతులోనే ఉండిపోయేవి.

ఆ వచ్చేవాళ్ళలో బయ్యమ్మ ఒకతె. భూములున్న కాపుల ఇల్లాలు. రోగం బయటపడగానే కొడుకులు శెనక్కాయ చేను చివర గుడిసె వేసి ఆమెను అక్కడ పెట్టారు. నాలుగు మైళ్ళు నడిచి వచ్చేది. అరికాళ్ళకు స్పర్శ లేదు. కుడికాలి పుండు మూడు నెలలుగా మానడం లేదు.

ఒక గురువారం ప్రేమకుమారి ఆ కాలు ఒళ్ళో పెట్టుకుని పట్టకారుతో ఒక మేకు బయటికి లాగింది. సంతలో కొన్న చెప్పులోంచి పొడుచుకొచ్చిన మేకు.

"నాకు తెలీనే లేదమ్మా," అని బయ్యమ్మ నవ్వింది.

ప్రేమకుమారికి కోపం వచ్చింది. "నేను కట్టిన కట్లన్నీ దండగ. మేకులు లేకుండా, మెత్తగా ఎవురన్నా చెప్పులు కుట్టి ఇస్తే వీళ్ళ పుండ్లు సగం మానిపోతాయి. బజార్లో అందరినీ అడిగినా. వీళ్ళ కాళ్ళు కొలిచేదానికి ఒక్కడూ రాడంట."

జయరత్నం తలెత్తలేదు. అప్పటికే అతని కన్ను ఆ పాదాన్ని కొలిచేసింది. అడుగున టైరు ముక్క, పైన గొంగడి, దానిమీద పలుచటి తోలు, మడమ వెనక పట్టీ. అంతా దారంతోనే. చీటీ మీద సిరా ఆరకముందే చెప్పు అతని మనసులో తయారైంది. తన కన్ను మీద తనకే అసహ్యం వేసింది. ఎనిమిది తరగతులు చదివింది దీనికా? నాలుక అడిగితే ఆరె చూపిస్తావా అని దేవుని మీద లోలోపల మండిపడ్డాడు. నర్సమ్మకు ఏమీ చెప్పలేదు. ఆ వారమే కాదు, తర్వాతి రెండు వారాలూ చెప్పలేదు.

నాలుగో వారం బయ్యమ్మ రాలేదు. ఆమె పల్లెకే చెందిన ఈశ్వరప్ప సూది వేయించుకుంటూ, "కాలు వాచిపోయి పడుండాది," అన్నాడు. ప్రేమకుమారి బండి మాట్లాడి ఆమెను మదనపల్లె ఆసుపత్రికి తెచ్చింది. కుళ్ళిన రెండు వేళ్ళు తీసేయాల్సి వచ్చింది.

"నడిస్తే కాలు పోతాంది. నడవకుంటే మందుకు రాలేను. ఏం సేసేదప్పా?" అని బయ్యమ్మ మంచం మీద నుంచి జయరత్నాన్ని అడిగింది. అది నిష్ఠూరం కాదు, ఉత్త ప్రశ్న. మూడు వారాలు నోరు మూసుకున్నవాడికి అంతకన్నా పెద్ద తిట్టు లేదు.

మరునాడే పల్లెకు పోయి తల్లిని తండ్రి పనిముట్లు అడిగాడు. యేసమ్మ చేతిలోని చేట కింద పెట్టింది.

"దీన్నించి నిన్ను తప్పించేదానికే గదరా నేను కొండల్లో రాళ్ళు కొట్టింది."

"నాకూ ఇష్టం లేదమ్మా."

"మరి యాల?"

అతను బయ్యమ్మ సంగతి చెప్పాడు. తాను మాట్లాడకుండా కూర్చున్న సంగతి కూడా దాచలేదు. యేసమ్మ అటక మీది పనిముట్ల మూట దించి అతని ముందు పెట్టి, అటు తిరిగి కూర్చుంది.

బస్సు షెడ్డులో అరిగిపోయిన టైరు అడిగి తెచ్చుకున్నాడు. మొదటి జత పాడైంది. పట్టీ బిగుసుకుని మడమను ఒరుసుకుపోయేలా ఉంది. విప్పేసి, రెండో జతకు మళ్ళీ కొలత తీసుకోవడానికి బయ్యమ్మ మంచం దగ్గర కింద కూర్చున్నాడు. కాగితం మీద ఆమె పాదం పెట్టి చుట్టూ బొగ్గుతో గీస్తుంటే, ఆ చేతివాటం చూసి ఆమె అడిగింది.

"నువ్వు బానలు కుట్టే ఆయన బిడ్డవా?"

జయరత్నం గీస్తూనే చెప్పాడు. "అవునమ్మా."

"మీ నాయనకు కూలి గింజలు దూరం నుంచి పోసేదాన్ని. ఇప్పుడు నా కోడలు నాకు అట్లనే సంగటి పెడతాంది." ఆమె కాగితం మీది తన పాదాన్ని చూసుకుంది. "నా కాలు ముట్టుకోను అనే హక్కు నీకుండాది గదప్పా."

అతను గీత పూర్తి చేశాడు.

కొత్త జత తొడుక్కున్న రెండు నెలలకు ఆ పుండు మూసుకుంది. చావిడి దగ్గర మిగిలినవాళ్ళు ఆమె చెప్పులు తిప్పి తిప్పి చూసి, తమకూ కావాలన్నారు. పగలు చీట్లు రాయడం, సాయంత్రం కుట్టడం జయరత్నానికి అలవాటైంది. ఆదివారం గుడిలో మాత్రం అతని బెంచీ మీద ఇద్దరు దూరం జరిగి కూర్చున్నారు. వెనక ఎవరో "సెప్పులాయన" అన్నారు. మన గుడిలో కూడానా అనుకున్నాడు.

ఇంతలో కుప్పం నుంచి ఉత్తరం వచ్చింది. పాస్టరయ్య చేతిరాత. ఈసారి పిలిచారేమోనని జయరత్నం ఆత్రంగా విప్పాడు. చెప్పుల సంగతి విన్నాననీ, ఆ పక్క పల్లెల్లో ఇలాంటి రోగులు చాలామంది ఉన్నారనీ, ఒక వారం వచ్చి కొలతలు తీసుకుంటే మేలనీ రాశారు. ఉపదేశి పని ఊసే లేదు. ఉందేమోనని వెనక్కి తిప్పి కూడా చూశాడు.

ఉత్తరం మడిచి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "నేనడిగింది ఇది కాదు," అన్నాడు దేవునితో. "ఆ సంగతి నువ్వు మర్చిపోవద్దు, నేనూ మర్చిపోను. నా చేతుల్లో ఉండేది ఇదొక్కటే. నువ్వే వాడుకో." ఆమెన్ అనడానికి అతనికి కొంతసేపు పట్టింది.

కుప్పంలో బస్సు దిగి గుడి ఆవరణలోకి పోయేసరికి ఇరవై మందికి పైగా గోడ నీడన వచ్చి కూర్చుని ఉన్నారు. చివర ఒక ముసలాయన పాత గుడ్డతో చుట్టుకున్న కాలు చాపుకుని, ఎవరూ తనవైపు రారన్నట్టు తల తిప్పుకుని ఉన్నాడు. జయరత్నం ముందుగా ఆయన దగ్గరికే పోయి, కింద కూర్చుని, ఆ కాలు చేతిలోకి తీసుకున్నాడు.