దిమ్మపాదాల అక్షరాలు

అచ్చు ప్రెస్సులో రాతిబల్ల మీది ఇనుప చట్రంలో చెక్క అక్షరాలను ఒక్కొక్కటే తడిమి పేరుస్తున్నాడు కంపోజిటరు. ఎక్కడా సన్నబడని గీతలు, పైనా కిందా దిమ్మల్లాంటి దళసరి పాదాలు. వేలం నోటీసైనా, సర్కస్ పోస్టరైనా, రైలు వేళల బోర్డైనా వాటితోనే వేసేవాడు. నాసిరకం కాగితం మీద, నీళ్లసిరాతో కొట్టినా అవి తలవంచవు. ఆ పిచ్చి చూసే ప్రెస్సులో అందరూ ఆయనకు ‘దిమ్మ బాబాయ్’ అని పేరు పెట్టారు. పేరుకు తగ్గ మనిషే. పొట్టి, గట్టి, మాట తక్కువ.

"ఇంత మొరటుగా ఎందుకు బాబాయ్? ఆ సన్నక్షరం వెయ్యండి, ముచ్చటగా ఉంటుంది" అన్నాడు యజమాని అల్లుడు.

"పెళ్లికార్డయితే వేద్దును అల్లుడుగారూ. ఇది వంతెన."

ఏటి మీది పాత వంతెన బీటలిచ్చింది. వాన ముంచుకొస్తోంది. సాయంత్రంలోగా హెచ్చరిక అంటించాలి. ఆరేళ్ల కిందట ఇలాగే ఎవరో ముచ్చటపడితే, రోడ్డు మీది గోతికి తాను సన్నక్షరాల్లో నోటీసు వేశాడు. అది కనబడక ఒక ముసలి బండివాడు గోతిలో పడి కాలు పోగొట్టుకున్నాడు. కంపోజిటరును ఎవరూ తప్పు పట్టలేదు. తానే పట్టుకున్నాడు, ఇక వదల్లేదు.

ఒక అక్షరం తక్కువైతే చెక్కముక్క తీసుకుని తానే చెక్కాడు. అచ్చు తిన్నగా రావాలంటే అక్షరాన్ని తిరగేసి చెక్కాలి. ముప్పైఎనిమిదేళ్లుగా ఈ పని చేసిన చెయ్యి ఇవాళ తిన్నగా చెక్కేసింది! కాగితం మీద అది తిరగబడి కనిపించగానే సిగ్గుతో చితికిపోయాడు. ఎడమ భుజం లాగుతున్నా మళ్లీ చెక్కాడు.

తొలి ప్రతిని ఎప్పటిలాగే వీధికి ఆ చివర గోడకు తగిలించాడు. ఈ చివర టీకొట్టు అవ్వ కళ్లు చికిలించింది. ఆవిడ చదవగలిగితేనే అది పాసయినట్టు.

"వంతెన కూలేలా ఉంది. బండ్లు ఆపండి" అని గట్టిగా చదివింది. "ఇంత లావు రాస్తే గుడ్డోడు కూడా చదువుతాడు గదయ్యా, నా టీ ఎందుకు చల్లారబెడతావు?"

కంపోజిటరు నవ్వాడు. మైదా పిండి బకెట్టు పట్టుకుని తానే వెళ్లి వంతెన ముందు కట్టిన అడ్డుకర్రకు అంటించి, తడిసి తిరిగొచ్చాడు. కిరసనాయిలు గుడ్డతో వేళ్లు తుడుచుకుని స్టూలు మీద కూర్చుని మంచినీళ్లడిగాడు. అల్లుడు గ్లాసు తెచ్చేసరికి, తల గోడకు ఆనించి, కన్నుమూశాడు.

మర్నాడు ఒక లారీ డ్రైవరు ప్రెస్సుకు వచ్చాడు.

"ఆ కాగితం అచ్చేసింది ఎవరండీ? వానలో నా అద్దం తుడిచేది పనిచెయ్యలేదు. అయినా అంత దూరాన్నుంచే కనబడింది. బండిలో నా పెళ్లాం, పిల్లలు ఉన్నారు. ఒక్కసారి దండం పెట్టుకుని పోతాను."

దండం పెట్టడానికి ఇక ఆ కాగితమే మిగిలిందని చెప్పాడు అల్లుడు. అతని వెంట ఏటిదాకా నడిచాడు. వంతెన నడుము తెల్లవారుజామునే విరిగి నీళ్లలో పడింది. ఈవలి గట్టున అడ్డుకర్ర మీద, వానకు నాని అంచులు లేచిన కాగితంలో, ఆ అక్షరాలు మాత్రం కాళ్లు తన్నిపెట్టి నిలబడి ఉన్నాయి.