ఎవరి ముక్కలో గింజ

"పోయిన ఏడాది నువ్వు తెచ్చిన కేకు రంపంపొట్టులా ఉంది. ఈసారైనా గొంతు దిగేది తే" అంది అత్తగారు ఎర్మెలిందా ఫోన్లో, పలకరింపు కూడా లేకుండా. ఒటీలియా అప్పుడు మొగుడి చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తోంది. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని "అలాగే అత్తయ్యా" అంది. అన్నాక తనమీద తనకే ఒళ్ళు మండింది. ఆ మాట ఆమె నోట్లో ఎప్పుడూ తయారుగా ఉంటుంది. ఎవరు ఏమడిగినా ముందు అది జారిపడుతుంది, తర్వాత ఆమె ఆలోచిస్తుంది.

ఆదివారం, క్రిస్మస్ వెళ్ళాక వచ్చే ముగ్గురు రాజుల పండగ. ఆ రోజు ప్రతి ఇంట్లోనూ రాజు కేకు కొయ్యాలి. మధ్యలో చిల్లున్న పెద్ద గుండ్రటి కేకు, పైన పాకంలో ఊరబెట్టిన రంగురంగుల పళ్ళముక్కలు, లోపల ఎక్కడో ఒక ఎండు చిక్కుడు గింజ. గింజ ఎవరి ముక్కలో వస్తే వచ్చే ఏడాది కేకు వాళ్ళు తేవాలి. ఎవరికైనా రావచ్చు. ఈ ఇంట్లో మాత్రం అది ఒటీలియాకే వస్తుంది. పెళ్ళయిన మరుసటేడు వచ్చింది, ఆ పై ఏడూ వచ్చింది, ఇక అదే తంతు. "గింజకి నువ్వంటే ప్రాణమే!" అని ఆడపడుచు నతేర్సియా చప్పట్లు కొడుతుంది. మొగుడు వాల్దెమార్ కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వుతాడు. ఒక్క ఏడు తప్పింది. కూతురు మఫాల్దా పుట్టి ఆమె ఆసుపత్రిలో ఉన్న ఏడు. ఆ ఏడు ఎవరికీ రాలేదట, బేకరీవాడు గింజ వెయ్యడం మర్చిపోయాడట. ఒటీలియా నమ్మింది. కొందరికి లాటరీ తగులుతుంది, తనకి గింజ తగులుతుంది, తన రాత అంతే అనుకుంది.

రాత సరే, వంకల మాటేమిటి? ఒకసారి పళ్ళముక్కలు తక్కువయ్యాయి. ఇంకోసారి ఎక్కువై పళ్ళకి అతుక్కున్నాయి. ఒకసారి సారా వాసన వేసింది, మరుసటేడు సారా బొత్తిగా లేదు. ఉన్న ఊళ్ళోనే, బరేయ్రోలో కొంటే "ఇంటి పక్కనే కొనేసింది, కాళ్ళు కదపలేక" అన్నారు. పడవెక్కి నది దాటి లిస్బన్ పోయి తెస్తే "మన ఒడ్డున బేకరీలే లేనట్టు" అన్నారు. అన్నవాళ్ళలో ఒక్కరికైనా బేకరీ గుమ్మం ఎటువైపుంటుందో తెలియదు. తినడం తెలుసు, తిని మూతి తుడుచుకుని తీర్పు చెప్పడం తెలుసు.

క్లినిక్కులోనూ ఇదే గోల. ఒటీలియా పళ్ళ డాక్టరు సెరఫీం దగ్గర ఒంటిపూట పని చేస్తుంది. పేషెంట్లకి టైములివ్వడం, ఫోన్లెత్తడం ఆమె పని. కానీ ఎవరి పుట్టినరోజొచ్చినా డాక్టరు గదిలోంచి కేకేస్తాడు. "ఒటీలియానడగండి, ఈ ఒడ్డున కేకుల సంగతి ఆవిడకి తెలిసినట్టు ఎవరికీ తెలీదు!" అందరూ అవునవునంటారు. ఆవిడ పొంగిపోవాలి కాబోలు. పొంగిపోయి, పని దిగాక, తన సొంత కాళ్ళమీద నాలుగు వీధులు తిరిగి కేకు మోసుకురావాలి. ఇంతకాలం చాకిరీ చేసినందుకు ఆమెకి దక్కిన ఒకే ఒక్క మెచ్చుకోలు ఇంకో చాకిరీ అంటగట్టడానికే పనికొచ్చింది.

అదే డాక్టరు మొన్న ఆమెని గదిలోకి పిలిచాడు. ఆఫీసంతా చూసుకునే పెద్దావిడ రిటైరవుతోందట. "ఆ కుర్చీ నీదే. రోజంతా పని, ఆఫీసంతా నీ చేతికింద. మీ ఆయన్ని అడిగి సోమవారం చెప్పు" అన్నాడు. ఆమె ఆ పెద్దావిడ బల్ల వెనక కూర్చుని ఉన్నట్టూ, కిటికీ తెరిచి ఎండ లోపలికి రానిచ్చినట్టూ అప్పుడే ఊహించేసుకుంది. ఇప్పటి ఒంటిపూట పని మఫాల్దా పుట్టినప్పుడు ఏడాది కోసమని తగ్గించుకున్నది. మఫాల్దా ఇప్పుడు పోర్తోలో కాలేజీలో ఉంది, తన బట్టలు తనే ఉతుక్కుంటోంది. "మీ ఆయన్ని అడిగి" అన్న మాట గుచ్చుకుంది, అయినా ఆ రాత్రే అడిగింది. వాల్దెమార్ టీవీ మీంచి కళ్ళు తిప్పలేదు. "ఇప్పుడెందుకు నీకా తలనొప్పి? ఇల్లెవరు చూస్తారు? పండగ కానీ, మాట్లాడుకుందాం" అన్నాడు.

శనివారం పొద్దున్నే బయల్దేరింది. లవ్రాదియోలో స్టేషను వెనక బేకరీకి మొదట వెళ్ళింది. ముసలాయన పోయాక కొడుకులు పొయ్యి పీకేసి, ఫ్యాక్టరీనుంచి గడ్డకట్టిన పిండి తెప్పించి కరెంటు పెట్టెలో కాలుస్తున్నారు. అద్దాల వెనక కేకులన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. అక్కణ్ణుంచి బస్సెక్కి బాయ్షా వెళ్ళింది. పళ్ళముక్కలు దండిగా ఉన్నాయిగానీ తలుపు తియ్యగానే డాల్డా వాసన గుప్పుమంది. అత్తగారి ముక్కుకి కిలోమీటరు దూరం నుంచే తెలిసిపోతుంది. అక్కడి వరసలో ఆమెలాంటి ఆడవాళ్ళే నిలబడి ఉన్నారు, చేతుల్లో సంచులు, ముఖాల్లో చిరాకు.

"మొయ్తాలో ఎలా ఉన్నాయమ్మా?" అనడిగింది ఒటీలియా ముందున్నావిడని.

"మొయ్తావాళ్ళవి నిన్నటివి. పైన పాకం పూసి ఇవాళ్టివంటున్నారు, సిగ్గులేకుండా" అందావిడ.

వెనకనుంచి ఇంకొకావిడ అందుకుంది. "అల్యుష్ వేద్రుష్ పోండి. రైలు గేటు పక్కన లియోకాదియా అని ఉంది. వెన్నతో చేస్తుంది. మా ఆయన వాళ్ళమ్మ నోరు మూసుకుని తిందంటే చూసుకోండి."

"మీ అత్తగారు ఎక్కడ, మా అత్తగారు ఎక్కడ!" అంది ఒటీలియా. వరసంతా నవ్వింది. ఆ నవ్వులో ఒక్క మగ గొంతు లేదు.

లియోకాదియా దుకాణం అగ్గిపెట్టంత ఉంది. "మొదటి వాయి అయిపోయింది తల్లీ, రెండోది తీసేదాకా ఆగాలి" అంది మోచేతులదాకా పిండితో. ఒటీలియా గోడకానుకుని నిలబడింది. కాసేపటికి ఆకలేసి, కాగితం గిన్నెలో ఉన్న బియ్యప్పిండి కేకొకటి కొనుక్కుని తింది. వేడిగా, మెత్తగా, నిమ్మతొక్క వాసనతో ఉంది, పైన పళ్ళూ లేవు పాకమూ లేదు. తింటూంటే ఆమెకి ఒక సంగతి తట్టి అలాగే ఆగిపోయింది. తనకి అసలు రాజు కేకంటేనే పడదు. ఆ ఊరబెట్టిన పళ్ళముక్కలు చిన్నప్పట్నుంచీ ఏరి పక్కన పెట్టేది. ఇన్నేళ్ళుగా ఊళ్ళు పట్టుకు తిరిగి తనకి పడనిదాన్ని వెతికి తెచ్చి, అది బాగాలేదని తిట్లు తింటోంది. నీకేది ఇష్టమే అని ఆ ఇంట్లో ఒక్కరంటే ఒక్కరు అడిగిన పాపాన పోలేదు. వాల్దెమార్‌కి తెలుసా? ఏం తెలుస్తుంది, అతను ఆమె పళ్ళెంలోకి చూసిందెప్పుడు? ఆమెకి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, శుభ్రమైన కోపం, ఆకలిలాంటిది. ఇంకో బియ్యప్పిండి కేకు కొనుక్కుని అదీ తింది.

ఆదివారం మధ్యాహ్నం వాల్దెమార్ కారులో తల్లినీ అక్కనీ తీసుకొచ్చాడు. అత్తగారు రావడం రావడమే కేకు పెట్టె మూత ఎత్తి ముక్కు పెట్టి చూసింది. "ఊఁ" అంది. ఈ ఇంట్లో అంతకంటే పెద్ద పొగడ్త లేదు. భోజనాలయ్యాయి. ఒటీలియా పళ్ళేలు తీసి, బల్ల తుడిచి, చిన్న పళ్ళేలు పెట్టింది. కేకు అత్తగారే కోసింది, ఎప్పుడూ ఆమే కోస్తుంది. ఒటీలియా ముక్క ఒటీలియా కుర్చీ ముందు పెట్టింది.

"అమ్మ ఇంక తనింటి మెట్లెక్కలేకపోతోంది" అంది నతేర్సియా, కేకు ముక్క చేత్తో తుంచుతూ. "మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మేమంతా ఆలోచించాం."

"మేమంతా అంటే?" అంది ఒటీలియా.

"నేనూ, తమ్ముడూ. మఫాల్దా గది ఖాళీగానే ఉందిగా. నువ్వు ఎలాగూ ఒంటిపూటే పని. నాకు చూడు, బ్యాంకులో ఊపిరాడదు."

ఒటీలియా మొగుడి వైపు చూసింది. అతను రుమాలుతో వేళ్ళు తుడుచుకుంటున్నాడు. "నీకేం అభ్యంతరం ఉండదని చెప్పాను" అన్నాడు. "డాక్టరు ఇస్తానన్న రోజంతా పని సంగతి కూడా చెప్పాను. తను చెయ్యదులే అన్నాను."

"ఆపరేషనయిన నా కాళ్ళకి రోజూ కట్టు కట్టాలి. దీని చెయ్యి మొరటు" అంది అత్తగారు, ఒటీలియా ఆ గదిలో లేనట్టే. "అయినా అలవాటవుతుందిలే."

ఒటీలియా నోరు తెరిచింది. "అలాగే" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అప్పుడు నతేర్సియా "కాఫీ పెట్టవూ, కేకు గొంతులో అడ్డం పడుతోంది" అంది. ఒటీలియా లేచింది. లేవడానికి ఆమె ఆలోచించక్కర్లేదు, కాళ్ళే లేస్తాయి. వంటింట్లో కాఫీ కూజాలో నీళ్ళు పోసి, పొడి వేసి, పైభాగం బిగించి పొయ్యిమీద పెట్టి వెలిగించింది. కట్టు కట్టాలి. స్నానం చేయించాలి. రోజూ ఆ ముక్కు ముందు ప్రతి గిన్నె మూతా ఎత్తి చూపించాలి. ఆ బల్ల, ఆ కిటికీ, ఆ ఎండ మాత్రం ఇంకెవరికో పోతాయి. పాలెవరికి కావాలో అడగడం మర్చిపోయి వెనక్కి తిరిగి వచ్చింది. చెప్పులు లేని కాళ్ళు, చప్పుడు కాలేదు.

గుమ్మం దగ్గర ఆగిపోయింది. నతేర్సియా నోట్లోంచి ఏదో తీసి రుమాలుతో తుడిచి తమ్ముడి అరచేతిలో పెట్టింది. వాల్దెమార్ ఒటీలియా ముక్కని తిరగేసి, బొటనవేలితో దాన్ని లోపలికి నొక్కాడు. అత్తగారు చెయ్యి చాపి ఆ చిల్లుమీద కేకు పొడి అద్ది సరిచేసింది, గోడకి సున్నం అద్దినంత నేర్పుగా. ముగ్గురికీ ఎవరి పని ఏమిటో బాగా తెలుసు. ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది. ముక్కని మళ్ళీ తిన్నగా పెట్టి, ముగ్గురూ ముఖాలు బిగించుకుని నవ్వాపుకుంటూ కూర్చున్నారు.

ఇన్నేళ్ళూ ఆమె లేచిన ప్రతిసారీ, నీళ్ళకో ఉప్పుకో కాఫీకో, ఆ ముక్క అలా ఒంటరిగా పళ్ళెంలో పడి ఉంది. గింజ ఎవరికొచ్చినా దారి ఒక్కటే. ఆసుపత్రిలో ఉన్న ఏడు ఎవరికీ ఎందుకు రాలేదో ఇప్పుడు అర్థమయింది. ఆ ఏడు నొక్కడానికి ఆమె పళ్ళెం లేదు. రాత అనుకుంది పిచ్చిది. రాత కాదు, మొగుడి బొటనవేలు.

ఆమె వచ్చి తన కుర్చీలో కూర్చుంది.

"తిను తిను" అన్నాడు వాల్దెమార్. "బాగుందే, ఎక్కడ కొన్నావు?"

ఒటీలియా ముక్కని తిరగేసింది. వేలితో గింజని పైకి లాగి బల్లమీద పెట్టింది. నతేర్సియా చప్పట్లకి చేతులెత్తి, ఆమె ముఖం చూసి దించేసింది.

"ఇది ఎవరి పంటికి తగిలింది వదినా?"

నతేర్సియా తమ్ముడి వైపు చూసింది. ఆఖరికి వాల్దెమారే అన్నాడు. "అబ్బా, సరదా ఒటీలియా. ఏటా నవ్వుకుంటాంగా!"

"మీరు నవ్వుకుంటారు. నేను బస్సులెక్కుతాను."

"కేకు ముక్కకి ఇంత రాద్ధాంతమా?" అంది అత్తగారు. "అందుకే అన్నాను దీని చెయ్యి మొరటని."

"మొరటే అత్తయ్యా. అందుకని మీ కట్లు కట్టేది ఈ చెయ్యి కాదు." ఆమె గింజని మొగుడి ముందుకి నెట్టింది. "వాల్దెమార్, రేపు డాక్టరుగారికి సరేనని చెప్తున్నాను. పొద్దున వెళ్తే రాత్రికే వస్తాను. మీ అమ్మ గురించి నువ్వూ మీ అక్కా ఆలోచించుకున్నారుగా, మిగతాది కూడా మీరే ఆలోచించండి. ఎవరు పనికి సెలవు పెడతారో, ఎవరు స్నానం చేయిస్తారో. మఫాల్దా గదిలో ఉంచుతావో, మీ అక్క ఇంట్లో ఉంచుతావో. నాకొచ్చిందని చెప్పి నా పళ్ళెంలో మాత్రం నొక్కకు."

"అందరి ముందూ ఏమిటిది?" అన్నాడు వాల్దెమార్, పళ్ళు బిగబట్టి.

"అందరూ కలిసి చేసిందేగా. అందరి ముందే చెప్తున్నాను."

వంటింట్లో కాఫీ పైకి తన్ని బుసబుసమంది. ఆ తర్వాత పొయ్యిమీద చిమ్మిన చప్పుడు. నతేర్సియా తలుపు వైపు చూసింది, తర్వాత ఒటీలియా వైపు చూసింది. వాల్దెమార్ కూడా చూశాడు. మాడు వాసన మెల్లగా గదిలోకి వచ్చింది. ఒక్కరూ కుర్చీ కదపలేదు.

"ఒటీలియా, కాఫీ మాడిపోతోంది" అంది అత్తగారు.

ఒటీలియా కుర్చీలో వెనక్కి వాలింది.

"ఏం అత్తయ్యా, ఆ వాసన నా ఒక్కదాని ముక్కుకే తగుల్తోందా?"