బల్లి తోక

టీ గ్లాసులు కడుగుతుంటే ముందుగదిలోంచి మొగుడి గొంతు వినబడింది. "పిల్లల గదా? దాన్ని ఎప్పట్లాగే బల్లి తోక చేసేద్దాం." కమిటీ మగాళ్ళంతా పగలబడి నవ్వారు. ఆమె చేతిలో గ్లాసు జారి సింకులో పడింది. పగల్లేదు. పగిలితే ముక్కలు ఏరేదీ ఆమే.

బల్లి తోక అంటే ఏమిటో ఆ బస్సు డిపో ఉద్యోగుల సంఘంలో అందరికీ తెలుసు. పైవాళ్ళతో బేరానికి కూర్చునేటప్పుడు డిమాండ్ల చివర ఒకటి కావాలనే తగిలిస్తారు. ప్రాణం మీదికొస్తే బల్లి తోక వదిలేసి పారిపోతుందే, అలా దాన్ని వదిలేసి, "చూశారా, మేమూ ఓ మెట్టు దిగాం" అంటూ ఓవర్‌టైమూ బోనసూ పట్టుకుని బయటపడతారు. డ్యూటీ వేళ పిల్లల్ని వదిలి వెళ్ళడానికి లేడీ కండక్టర్లు డిపోలో అడిగే పిల్లల గది ఏళ్ళ తరబడి ఆ తోకే. ప్రతి బేరానికీ మొలుస్తుంది, ప్రతి బేరంలోనూ తెగుతుంది. తెంపే చెయ్యి ఆమె మొగుడిది. సంఘానికి కార్యదర్శి ఆయన.

ఆమె కూడా కండక్టరే. కూతురు పుట్టాక జీతం లేని సెలవులో పడింది. ప్రైవేటు బేబీ కేర్‌లో వేద్దామంటే, నెలంతా నిలబడి సంపాదించింది వాళ్ళ చేతుల్లో పోసి ఉత్త చేతులతో ఇంటికి రావాలి. అత్తగారు మొదట్లోనే తేల్చి చెప్పేసింది: "నా కొడుకుని నేను పెంచాను. నీ కూతుర్ని కూడా నేనే పెంచాలా? నా మోకాళ్ళని చూశావా?" ఆవిడన్నదాంట్లో తప్పేముంది? పెంచినందుకు ఆవిడకి మిగిలినవి ఆ మోకాళ్ళే. మొగుడు మాత్రం చిటికెలో పరిష్కారం చెప్పాడు: "లీవు పెట్టేయ్. ఇంట్లో ఖాళీగా కూర్చుని పిల్లని చూసుకోవడమేగా!"

ఖాళీగా! ఆ మాట ఆమె ఒంట్లో ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది. నువ్వు ఖాళీయేగా, కమిటీ వాళ్ళొచ్చారు, టీ పెట్టు. ఖాళీయేగా, ఆ చొక్కా ఇస్త్రీ చెయ్యి. ఖాళీగా ఉండి కూడా పిల్లని ఏడిపిస్తావేంటి? ఖాళీ బస్సంటే ఏమిటో కండక్టరుకి తెలీదా? ఆమె ఏనాడూ ఖాళీ బస్సు కాదు. ఫుట్‌బోర్డు మీద కూడా జనం వేలాడుతుండగా పొద్దుట్నించి పరిగెత్తే బస్సు. ఎక్కినవాళ్ళెవరూ టిక్కెట్టు తీసుకోరు, అంతే. డిపోలో బస్సులకి షెడ్డుంది, కాపలా ఉంది, కడిగేవాళ్ళున్నారు, దగ్గొస్తే విప్పి చూసే మెకానిక్కులున్నారు. అంతా జనం కట్టిన పన్నులతోనే. ఎవడైనా "ఎవరెక్కే బస్సు వాళ్ళే కడుక్కోవాలి" అన్నాడా? రేపు ఆ బస్సులు నడిపేదీ, ఆ పన్నులు కట్టేదీ ఈ పిల్లలే కదా! పాత టైర్లు పడేసిన గది శుభ్రం చేయించి, ఇద్దరు ఆయాలకి సర్కారే జీతమిచ్చి, తల్లి ఇవ్వగలిగినంత ఇవ్వమంటే కొంపలేం అంటుకుంటాయి? ఒకసారి ఆయనతో అననే అంది. "సర్కారు సొమ్ముతో ఉయ్యాలలూపమంటావా? ఎవరు కన్న పిల్లల్ని వాళ్ళే చూసుకోవాలి" అన్నాడు. ఎవరి చొక్కా వాళ్ళే ఉతుక్కోవాలని మాత్రం ఏనాడూ అనలేదు మహానుభావుడు.

వారం తిరక్కుండానే బేరం ముగిసింది. తోక తెగింది. ఇక ఒప్పందాన్ని సర్వసభ్య సమావేశంలో చేతులెత్తించి ఆమోదించుకోవడమే మిగిలింది. అది వీగిపోతే కార్యదర్శి ఆ పూటే కుర్చీ దిగాలి, సంఘం పుట్టినప్పట్నించీ అదే నియమం. కానీ వీగిపోయిందెప్పుడు? సమావేశం ఎప్పుడూ సాయంత్రమే పెడతారు, సరిగ్గా ఆడవాళ్ళు డ్యూటీ దిగి పక్కింట్లోనో ఎదురింట్లోనో వదిలిన పిల్లల కోసం పరిగెత్తే వేళకి. మళ్ళీ ఈయనే మైకు పట్టుకుని వెక్కిరిస్తాడు: "మన ఆడకూతుళ్ళకి సంఘమంటే లెక్కే లేదు, ఒక్కరూ రారు!"

మర్నాడు వీధి చివర విజిల్ అక్క కనబడింది. డిపోలో అందరికంటే సీనియర్ కండక్టరు. ఆవిడ విజిలేస్తే ముందు బస్సు కూడా ఆగుతుందని పేరు.

"అక్కా, సమావేశానికి మీరంతా వెళ్ళండి."

"పిల్లల్నెక్కడ పెట్టమంటావే? నెత్తి మీదా?"

"మా ఇంట్లో."

విజిల్ అక్క బుగ్గన చెయ్యేసుకుంది. "కార్యదర్శి ఇంట్లోనా! పిచ్చెక్కిందా నీకు? మీ ఆయనే కదే ఓడిపోయేది!"

"ఆయనే కాబట్టి."

అక్క గట్టిగా నవ్వింది. "ఓసి నీ దుంపతెగ! పద, అందరికీ చెప్తాను."

సమావేశం రోజు సాయంత్రం ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అద్దం ముందు జుట్టు దువ్వుకుంటూ, "రాత్రికి కమిటీ వాళ్ళు భోజనానికొస్తారు, కాస్త ఘనంగా వండు" అని చెప్పి వెళ్ళాడు. "అలాగేనండీ" అంది ఆమె. ఆయన సందు తిరిగాడో లేదో పిల్లలు రావడం మొదలెట్టారు. ఒకడు నడుస్తూ, ఒకతి చంకలో, ఒకడు ఏడుస్తూ. కమిటీ మగాళ్ళు టీలు తాగే ముందుగది నిండిపోయింది. ఒకడు కార్యదర్శి కుర్చీ ఎక్కి డ్రైవరైపోయాడు. ఇంకొకడు జెండా కర్రతో గుర్రమాడాడు. చీమిడి ముక్కులు తుడుస్తూ, పాలు పడుతూ, కొట్టుకునేవాళ్ళని విడదీస్తూ ఆమె నవ్వుకుంది. పొయ్యి మాత్రం వెలిగించలేదు. అత్తగారు కాసేపు సణిగింది. ఒక పసిది వచ్చి ఒళ్ళో పడుకుంటే సణుగుడు ఆపి, దాని వీపు మీద తడుతూ ఎవరితోనూ కానట్టు అంది: "నా కొడుకు పుట్టాడని నేను టీచరు ట్రైనింగు మధ్యలో మానేశాను. ఇలాంటి గదొకటి మా కాలంలో ఉంటేనా..." కోడలు ఆ మాట వినడం అదే మొదటిసారి. కొడుకు ఇప్పటికీ వినలేదు.

డిపో వైపు నుంచి ఒక విజిల్ వినబడింది. పొడుగ్గా, ఆగకుండా. అయిపోయిందన్నమాట.

తల్లులు వచ్చి, ఆమె చెయ్యి గట్టిగా నొక్కి, పిల్లల్ని ఒక్కొక్కరినే తీసుకెళ్తున్నారు. వాళ్ళ మధ్యలోంచి దారి చేసుకుంటూ లోపలికొచ్చాడు ఆయన. చొక్కా చెమటకి తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఎవరూ తప్పుకోలేదు. కుర్చీలో కూర్చోబోతే అది తడిగా ఉంది. తలుపు వెనక కొక్కేనికి ఇస్త్రీ చేసిన ఆమె ఖాకీ యూనిఫాం, దాని మీద విజిలు వేలాడుతున్నాయి.

"ఓడించేశారు. ఆడవాళ్ళే! ఎన్నడూ రానివాళ్ళు అందరూ ఒక్కసారి ఎలా వచ్చారు? ఎవరు చేశారిదంతా? నువ్వేం చేశావు?"

"నేనేం చేస్తానండీ?" అందామె, కూతుర్ని తీసుకొచ్చి ఆయన చేతుల్లో పెడుతూ. "ఇంట్లో ఖాళీగా కూర్చుని పిల్లల్ని చూసుకున్నాను. ఇదిగో, పట్టుకోండి. రేపట్నించి సాయంత్రాలు మీరూ ఖాళీయేగా."