ఇసుకలో ఒంపు

మినప్పిండిలో కోడిగుడ్డు తెల్లసొన పోసి కొల్లప్ప కట్టుకు మెదుపుతున్నాడు. నాగలమడికలో ఎవరికి ఎముక విరిగినా ఆయన దగ్గరికే వస్తారు. వెదురు బద్దలు పెట్టి, తాడు బిగించి, విరిగినదాన్ని తిన్నగా నిలపడమే ఆయన పని. మూల చీపురు వంకరగా ఆనించినా ఊరుకోడని ఇంట్లోవాళ్లు ఎగతాళి చేస్తారు.

పంచలో చెక్కబల్ల మీద నరసక్క ఉంది. కందికట్టె మోపుతో కళ్లంలో జారి వెల్లకిలా పడింది. కలుపు తీసీ తీసీ, రాగులు విసిరీ విసిరీ, పాత మహారాజు ఏలిన రోజుల్లోనే వంగిపోయి బిగుసుకున్న వెన్ను ఆమెది. ఇప్పుడది విరిగింది. మొక్కై వంగనిది మానై వంగుతుందా అంటారు. మానై వంగినది మళ్లీ తిన్నగా నిలుస్తుందా? ఆ ఆలోచనే రాలేదు కొల్లప్పకు. నిన్న భుజాలు అదిమి, ఆమెను బల్లకు తిన్నగా కట్టేశాడు.

కూతురు నల్లమ్మ తల్లి పాదాలు పట్టుకుని కూర్చుంది.

"సల్లగా ఉండాయి మామా. గిల్లినా తెలీలేదంటాది."

నరసక్కకు ఊపిరి సగమే ఆడుతోంది. "నేను వంకర మనిషిని కొల్లప్పా. నన్ను నా మాదిరే ఉండనీప్పా. సచ్చినా సరే, తిన్నగా మాత్రం సేయొద్దు."

కొల్లప్పకు భయమేసింది, సిగ్గూ వేసింది. గబగబా కట్లు విప్పాడు. పినాకిని ఏటికి పోయి గంపలతో ఇసుక తెచ్చి, వాకిట్లో గోడ నీడన పోశాడు. ఆమె గూనిని అరచేత్తో తడిమి చూసి, ఇసుకలో అంత గుంట చేశాడు. తలవైపు ఎత్తు పెట్టాడు. ఇద్దరూ ఆమెను కంబళితో మెల్లగా అందులోకి దించారు.

ఎండ వాలింది. నరసక్క బొటనవేలు కదిలింది.

"ఏందే, సీమ కుట్టినట్టుండాది!"

నల్లమ్మ ఏడుస్తూ నవ్వింది. నరసక్క మాత్రం పైకి చూస్తోంది. ఇన్నేళ్లూ ఆమె చూసిందంతా నేలే. పైన ఒక గద్ద రెక్క ఆడించకుండా తిరుగుతోంది. నీలం మెల్లగా కిందికి దిగి కళ్ల నిండా పరుచుకుంటున్నట్టుంది ఆమెకు. తానే తేలిపోతోందో, ఏటి ఇసుకే కదిలిపోతోందో తెలియడం లేదు.

"ఎంత పెద్ద సేను కొల్లప్పా," అంది. "కలుపే లేదు సూడు."

నల్లమ్మ గంజి కాచి తెచ్చేసరికి నరసక్క కళ్లు తెరిచే ఉన్నాయి. ఊపిరి లేదు.

పొద్దుగూకే వేళకు బంధువులు పాడె కట్టి తెచ్చారు. గూని శవం దాని మీద నిలవలేదు. ఆమె మరిది బోరయ్య చేతులు దులుపుకుని ముందుకొచ్చాడు.

"మోకాలేసి అదిమితే చక్కగైతాది. ఇంగ నొప్పేముండాది ఆమెకు?"

కొల్లప్ప అడ్డంగా నిలబడ్డాడు.

"ముట్టొద్దు. ఎట్లుండాదో అట్లే పోతాది. కంబళి పట్టండప్పా."

నాలుగు కొసలూ నలుగురు పట్టారు. ముడుచుకుని పడుకున్న బిడ్డలా నరసక్క ఏటి వైపు వెళ్లింది. కొల్లప్ప తిరిగొచ్చి, వాకిట్లో కూలబడి, వెక్కి వెక్కి ఏడ్చాడు.

గోడ పక్క ఇసుకలో ఆమె ఒంపు, గూని ఆనిన చోట కొంచెం లోతుగా, అలాగే ఉంది.