గోరులో చీలిక

అక్క పోయి నెలైంది. తమ్ముడి కంట్లోంచి చుక్క రాలేదు. పై వాటాలో ఉండే పిన్ని రోజుకు రెండుసార్లు దిగి, మూసుకుపోయిన కుళాయిని చూసినట్టు అతని మొహంలోకి చూసి వెళ్లేది. అతనేమో కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీస్తూ జనానికి చూపు సరిచేసేవాడు. చావు కబురు అందరికీ బావే చెప్పాడు. ఆ మాట తమ్ముడి నోట ఒక్కసారీ రాలేదు.

అక్క ఫోను మోగుతుంటే తట్టుకోలేక బావ దాన్ని ఇతని చేతిలో పెట్టాడు. అందులో వాట్సాప్‌లో మొక్కల గుంపొకటుంది. ఇంటి చుట్టుపక్కల కనబడ్డ ప్రతి గడ్డిపోచకూ ఫొటో తీసి పేరడగడం, పేరు తేలేదాకా కొట్టుకు చావడం వాళ్ల పని. ఒక్క ఆకు మీద మూడు రోజులు మాటలు మానేసినవాళ్లున్నారు. గుంపుకి పెద్ద ఒక రిటైరైన మాస్టారు. అక్క పంపిన ఆఖరి ఫొటో కింద ఆయన మాట అలాగే ఉండిపోయింది: "ఆకు అడుగు చూపించమ్మా, అప్పుడు చెప్తా. ఏం, అలిగావా?"

జవాబివ్వకపోతే అక్క అలిగినట్టే మిగిలిపోతుంది. అది మాత్రం తమ్ముడికి మింగుడుపడలేదు.

మధ్యాహ్నం ఇంటికొచ్చి, వెనక గోడ దగ్గర మురుక్కాలవ పక్కన గొంతుక్కూర్చున్నాడు. అక్క ఫొటోలోని మొక్క అక్కడే ఉంది. సిగ్గులేకుండా కాస్త ఎదిగింది కూడా. రెమ్మ తిప్పితే అడుగున ఆవగింజలంత పచ్చటి కాయలు వరసగా వేలాడుతున్నాయి. అక్కలాగే కొలతకు పక్కన బొటనవేలు పెట్టి ఫొటో తీశాడు. "అలగలేదు మాస్టారూ, పనెక్కువైంది" అని అక్కలాగే రాసి పంపాడు.

"ఈ వేలెవరిదయ్యా?" అని మాస్టారి నుంచి వెంటనే వచ్చింది.

తమ్ముడు తన బొటనవేలు చూసుకున్నాడు.

"ఈ ఫొటోలు పెట్టే మా అమ్మాయి గోరులో నిలువు చీలిక ఉంటుంది. కుట్టుమిషను సూది దిగిందట. డెబ్భై ఫొటోల్లో చూశాను. ఎవరు నువ్వు?"

రాశాడు, చెరిపాడు. నాలుగు జతల అద్దాలు అరిగి పొడైపోయేంత సేపు పట్టింది.

"తమ్ముణ్ని. అక్క చనిపోయింది."

ఆకు కోసం యుద్ధాలు చేసే గుంపులో పావుగంట ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. తర్వాత మాస్టారు రాశాడు: "నేల ఉసిరి, బాబూ. కాయలు ఆకు కిందే దాక్కుంటాయి. అందుకే అడిగాను."

అది బావకు పంపాడు. అక్క అడిగిన మొక్క నేల ఉసిరంట.

"ఓహో" అన్నాడు బావ. కాసేపాగి, "తిన్నావా?"

లేదని రాసి తమ్ముడు అక్కడే కూర్చున్నాడు. పై కిటికీలోంచి పిన్ని తొంగిచూసి, కంట్లోంచి చుక్క ఇంకా రాలేదనుకుని తలుపేసుకుంది.