గొడుగు కింద రెండు పేర్లు

డ్యూటీ అంటే రెండో సంవత్సరం బి సెక్షన్‌లో అందరికీ తలనొప్పే. పొద్దున్నే అందరికంటే ముందు రావాలి. మంచులో పడి వెనక షెడ్డుకి వెళ్ళి కిరసనాయిలు తేవాలి, గదిలో చలి కాచుకునే పొయ్యి వెలిగించాలి, ప్రతి పీరియడ్ అయ్యాక బోర్డు తుడవాలి. హాజరుపట్టీ వరసలో ఇద్దరిద్దరు చొప్పున ఈ పని పడుతుంది. ఆ ఇద్దరి పేర్లూ బోర్డు కుడివైపు మూలన పక్కపక్కనే సుద్దముక్కతో రాసి ఉంటాయి, సాయంత్రం దాకా.

సెగావా యోహేకి మాత్రం ఆ రోజు పండగ. పైకి చెప్పడు లెండి, చెప్పమన్నా చెప్పే రకం కాదు. హాజరుపట్టీలో సెగావా తర్వాత పేరు సొనోబే. అంతే కారణం. ఏ కాలపు పెద్దలు ఆ ఇంటిపేర్లు పెట్టుకున్నారో గాని, వాళ్ళకి యోహే మనసులోనే దణ్ణాలు పెట్టుకునేవాడు.

మొదటి మంచు పడగానే యోహే తండ్రి రోడ్ల పనికి టోక్యో వెళ్ళిపోతాడు. తల్లి కొండమీది వేన్నీళ్ళ సత్రంలో పని చేస్తూ సెలవు దొరికినప్పుడే దిగి వస్తుంది. ఇంట్లో ఉండేది నాయనమ్మ, టీవీ. ఇద్దరిలో టీవీయే ఎక్కువ మాట్లాడుతుంది. ఒక్క పెట్టె రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఒంటరిగా బడికి వస్తాడు, ఒంటరిగా పోతాడు. బళ్ళో అతనంటే గిట్టనివాళ్ళు లేరు, అలాగని కావాలనుకున్నవాళ్ళూ లేరు. రాకపోతే హాజరు పిలిచేదాకా ఎవరికీ తెలియదు.

సొనోబే చికారా రేవు కుర్రాడు. తెల్లారకముందే తండ్రి పడవ దగ్గర వలలోంచి చేపలు వేరుచేసి, అటునుంచి అటే బడికి వస్తాడు. ఎంత కడుక్కున్నా కోటు చేతులకి కాస్త సముద్రం అంటుకునే ఉంటుంది. యోహేకి ఆ వాసన ఎంత ఇష్టమంటే, అది తలుచుకుని రైల్లో తనలో తనే సిగ్గుపడేవాడు.

జనవరిలో డ్యూటీ పడింది. ఇద్దరూ షెడ్డులో కిరసనాయిలు డబ్బా నింపుతున్నారు.

"చేతులేంటి, అలా కందిపోయాయి? గ్లవ్స్ ఏవీ?" అన్నాడు చికారా.

"రైల్లో మర్చిపోయా."

"బుర్ర తెచ్చుకున్నావా, అదీ అక్కడే పెట్టొచ్చావా?"

అంటూనే యోహే చెయ్యి పట్టుకుని, తన చేతితో సహా తన కోటు జేబులో పెట్టేసుకున్నాడు. అదేదో రోజూ చేసే పనే అన్నంత మామూలుగా చేశాడు. జేబులో వేళ్ళు మెల్లగా కలిశాయి. షెడ్డు కప్పు మీంచి మంచు ధబ్బున జారిపడితే ఇద్దరూ ఉలిక్కిపడ్డారు గాని, చేతులు మాత్రం బయటికి రాలేదు. డబ్బా నిండి పొర్లేదాకా అలాగే నిలబడ్డారు.

గదిలో పొయ్యి వెలిగాక దానిమీద చికారా ఒక కమలాపండు పెట్టాడు. వెచ్చబడ్డాక వలిచి సగం ఇచ్చాడు.

"మళ్ళీ మన వంతు ఎప్పుడు?" ఎటో చూస్తూ అడిగాడు.

"వచ్చే నెల."

"అబ్బో, చాలా దూరం."

ఆ రెండు మాటలు చాలు, యోహే నెల్లాళ్ళు బతికేసేవాడు. మధ్యాహ్నం దాకా కూడా బతకనివ్వలేదు గొండా.

గొండా తరగతికి విదూషకుడు. వాడి నోటికి మాస్టార్లు కూడా జడుస్తారు. ఆ రోజు మూడో పీరియడ్ అవగానే సుద్దముక్క తీసుకుని, మూలనున్న రెండు పేర్లమీదా ఒక త్రికోణం గీసి, మధ్యలో నిలువుగా గీత లాగాడు. అది గొడుగు. గొడుగు కింద ఇద్దరి పేర్లుంటే ఆ ఇద్దరికీ లంకె వేసినట్టు. చిన్న బడి నుంచీ అందరికీ తెలిసిన ఆటే. గొండా ఎవర్నీ వదలడు, పోయిన వారం లెక్కల మాస్టారికీ వంటగది ఆవిడకీ కూడా వేశాడు.

"జంట కుదిరింది రోయ్! పొద్దున్నే షెడ్డులో ఏం చేస్తున్నారో కిరసనాయిలే చెప్పాలి!"

గది గొల్లుమంది. వాడికేమీ తెలియదు, ఊరికే అన్నాడు. కానీ యోహేకి అది ఊరికే అన్నట్టు వినిపించలేదు. చికారా తన బల్ల దగ్గర కదలకుండా కూర్చున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. పెదవుల మీద చిన్న నవ్వు, చూపు యోహే మీద. ఏం చేస్తావో చూస్తాను అన్నట్టు కాదు, నువ్వేం చేసినా సరే అన్నట్టు.

యోహే లేచి వెళ్ళాడు. గొడుగు తుడిచేస్తే సరిపోయేది. గొండాని నాలుగు తిట్టినా సరిపోయేది. భయం మనిషిని ఎంత లేకిగా చేస్తుందో చూడండి. అరచేత్తో సొనోబే పేరొక్కటీ తుడిచేసి, అందరివైపు తిరిగి అన్నాడు:

"ఛీ! వీడి చేపల కంపుతో ఒకే గొడుగా? దానికంటే తడవడమే నయం."

అతను అందర్నీ నవ్వించడం అదే మొదటిసారి. గొండా అయితే వీపు మీద చరిచి, "ఒరేయ్ సెగావా, నీకూ నోరుందిరా!" అన్నాడు. చికారా కూడా నవ్వాడు, అందరికంటే గట్టిగా. తర్వాత మెల్లగా చేతులు రెండూ బల్ల కిందికి దించుకున్నాడు.

మర్నాటి నుంచి చికారా దగ్గర నిమ్మ సబ్బు వాసన వచ్చేది. ముక్కు మండేంత ఘాటు. చేతులు పొలుసులు లేచేదాకా రుద్దుకుంటున్నాడని చూస్తేనే తెలుస్తోంది. యోహేతో మాటలు మానలేదు, అదే మరీ కష్టం. "డస్టర్ ఇటివ్వు," "మాస్టారు పిలుస్తున్నారు," ఇంతే, ఎవరితోనైనా అనే మాటలు.

ఫిబ్రవరి వంతు కోసం యోహే రోజులు లెక్కపెట్టుకుంటూ ఎదురుచూశాడు. ఆ రోజు తొలి రైలుకే వచ్చి చూస్తే బోర్డు మూలన తన పేరు పక్కన ఇషిగురో అని ఉంది. ఆ అమ్మాయి ఆవులిస్తూ వచ్చి, "సొనోబే వంతు మార్చుకోమన్నాడు. రేవులో పనట. డబ్బా నువ్వే మోసుకో, నా వల్ల కాదు," అంది. మంచులో ఒక్కడూ డబ్బా మోసుకొస్తుంటే కిరసనాయిలు తొణికి ప్యాంటంతా తడిసింది. సాయంత్రం దాకా అందరూ ముక్కులు మూసుకున్నారు. చికారా మాత్రం మూసుకోలేదు. తలే తిప్పలేదు.

ఆ సాయంత్రం గుమ్మంలో అందరూ బూట్లు మార్చుకునే అరల దగ్గర యోహే కాపు కాశాడు.

"సొనోబే. ఆ రోజు అన్నది... తప్పయిపోయింది. నన్ను క్షమించు."

చికారా వంగి బూటు తాడు కట్టుకున్నాడు. కోపంగా లేడు. కోపంగా ఉన్నా బాగుండేది.

"ఆ మాట అందరి ముందూ అన్నావు. ఈ మాటేమో ఎవరూ లేకుండా చూసి అంటున్నావు," అన్నాడు. "పోనీలే. నీ రైలు వెళ్ళిపోతుంది, వెళ్ళు."

యోహే వెళ్ళాడు. రైల్లో ఎదురుసీటు ఖాళీ. కిటికీలో తన మొహం తప్ప ఏమీ కనిపించలేదు. ఏప్రిల్‌లో మూడో సంవత్సరానికి సెక్షన్లు మారతాయి. చికారా సైన్సు వైపు, తను ఆర్ట్స్ వైపు. ఈ హాజరుపట్టీ ఇక ఉండదు, ఆ మూలన ఆ రెండు పేర్లూ పక్కపక్కన పడవు. చివరి వంతు మార్చిలో, బడి సంవత్సరం ముగిసే రోజున పడుతుంది. దానికీ చికారా ఇషిగురోతోనే మార్చుకున్నాడని తెలిసింది. ఇంట్లో నాయనమ్మ, "ఏరా, అన్నం సయించట్లేదా?" అంటే, సయిస్తోందని చెప్పి గిన్నె అలాగే పెట్టేశాడు. అంతవరకూ ఒంటరితనం అంటే పక్కన ఎవరూ లేకపోవడం అనుకున్నాడు. పక్కనున్న మనిషిని తన చేత్తోనే తుడిచేసుకున్నాక ఉండేది వేరని ఇప్పుడు తెలిసింది.

ఆఖరి రోజుకి ముందు రోజు, మధ్యాహ్నం అందరూ అన్నం డబ్బాలు విప్పి తింటున్నారు. యోహే లేచి బోర్డు దగ్గరికి వెళ్ళాడు. మూలన కాదు, నట్టనడుమ పెద్ద త్రికోణం గీశాడు. గీత వంకరపోయింది. ఒకవైపు సెగావా అని, రెండోవైపు సొనోబే అని రాశాడు. గది మెల్లమెల్లగా సద్దుమణిగింది.

"ఏరా, జ్వరమా?" అన్నాడు గొండా నోట్లో ముద్దతో. "అది నా పని కదరా!"

"నీది కాదు. ఇది నేను గీశాను," అన్నాడు యోహే. "ఆ రోజు నేనన్నది అబద్ధం. సొనోబే దగ్గర కంపేమీ లేదు. ఆ వాసన నాకిష్టం. మీరు నవ్వుతారని భయపడి అన్నాను. ఇప్పుడు నవ్వుకోండి."

వెనక ఎవరో ఒకడు కిసుక్కుమన్నాడు. గొండా ఏదో అనబోయాడు, అలవాటు ప్రకారం.

"నోరు మూసుకుని తిను," అంది ఇషిగురో.

చికారా తన డబ్బాకి మూత పెట్టి, గుడ్డలో ముడి వేసి, ఎవరివైపూ చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు. సాయంత్రం దాకా తిరిగి రాలేదు. బోర్డు యోహేనే తుడిచాడు. అంతా అయిపోయిందనుకున్నాడు. రైల్లో ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. చూసేవాళ్ళు ఎవరున్నారు గనక.

మర్నాడు తొలి రైలు దిగి, గదిలోకి కూడా వెళ్ళకుండా నేరుగా షెడ్డుకి పోయాడు. తలుపు తీసే ఉంది. చికారా డబ్బా నింపుతున్నాడు.

"ఇషిగురోని రావద్దన్నాను," అన్నాడు తలెత్తకుండా. "అలా కొయ్యబొమ్మలా నిలబడతావేం? ఆ పక్క పట్టుకో."

యోహే పట్టుకున్నాడు. పిడి ఒక్కటే, చేతులు రెండు. పొద్దుటి చేపల వాసన గుప్పున తగిలింది. సబ్బు లేదు.

"నిన్న ఎక్కడికి పోయావు?" అన్నాడు యోహే.

"రేవుకి." కాసేపు నడిచాక అన్నాడు, "అక్కడ కూర్చుని నవ్వుకున్నాను. ఎంత వంకర గొడుగో అది. వాన నీ పక్కే కురుస్తుంది చూడు."

ఆ రోజు పాఠాలు లేవు, ఉపన్యాసాలే. సాయంత్రానికి గది ఖాళీ అయింది. పొయ్యి ఆర్పారు. కిటికీలు మూశారు. ఇక బోర్డు మూల ఒక్కటే మిగిలింది, సెగావా, సొనోబే అన్న రెండు పేర్లతో. సంవత్సరం ఆఖరు, దాన్నీ శుభ్రంగా తుడిచిపోవాలి.

"నువ్వు తుడువు," అన్నాడు చికారా.

"నా వల్ల కాదు. ఒకసారి తుడిచాను, చాలు."

బయట మంచు కరిగి చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి. చికారా తడిగుడ్డ తీసి యోహే చేతిలో పెట్టి, ఆ చేతిమీద తన చెయ్యి వేశాడు.

"ఒక్క పేరే తుడవకు. రెండూ కలిపి తుడుద్దాం."

రెండు పేర్లూ ఒక్కసారే పోయాయి. నల్లటి బోర్డు మీద తడి ఆరేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు. ఆ తర్వాత చికారా రేవు వైపు వెళ్ళాడు, యోహే స్టేషన్ వైపు.

ఇంట్లో నాయనమ్మ అన్నం వడ్డిస్తూ ముక్కు ఎగబీల్చింది. "చేపల వాసన! చేతులు కడుక్కో ముందు."

"కడుక్కుంటాలే," అన్నాడు యోహే. కడుక్కోలేదు.