హస్తవాసి

"నువ్వు పీపా దగ్గరికి రాకు" అంది మా అత్త స్తమెంకా, నా పదమూడేళ్ళ కూతురు యాగోదతో. "నెలసరి రోజుల్లో ముట్టుకుంటే క్యాబేజీ మెత్తబడుతుంది. అసలే మీ అమ్మ హస్తవాసి అంతంతమాత్రం. దానికి నీది కూడానా!"

ఇంటి కింద సెల్లార్‌లో కూచుని క్యాబేజీ మొదలు తొలిచి గుంటలో ఉప్పు కూరుతున్నాను. నా చెయ్యి ఆగిపోయింది. నా సంగతి సరే, మాటలు పడటం అలవాటైపోయింది. కానీ పిల్ల తన అరచేతులు రెండూ తిప్పి చూసుకుంది.

మా వాల్యెవోలో ఏ ఇంట చూసినా ఇంతే. నవంబరులో క్యాబేజీలు ఉప్పునీళ్ళలో ఊరబెట్టి పీపా నింపుతాం, జనవరిలో ఇంటి పండగకి తీస్తాం. మూడేళ్ళుగా మూత తీసేసరికి ఆకులు చేతిలోనే జావైపోతున్నాయి. ఆకు నిలవకపోతే మాంసం, బియ్యం పెట్టి సర్మా చుట్టేదెలా? మొన్న జనవరిలో అత్త మా ఆడబిడ్డ ఇంటినుంచి క్యాబేజీ తెప్పించి, బంధువులందరి ముందూ "మా కోడలికి చదువుంది, బ్యాంకు ఉద్యోగముంది. ఎటొచ్చీ చెయ్యే మంచిది కాదు" అంది. అందరూ నవ్వారు. మా ఆయన రదోవన్ అందరికన్నా గట్టిగా నవ్వి, తను కాచిన ప్లమ్ పళ్ళ సారా ఇంకో చుట్టు పోశాడు.

నా అనుమానమంతా అత్తమీదే. నేను ఉద్యోగానికి పోగానే సెల్లార్‌లోకి దిగి ఉప్పునీళ్ళలో ఏదైనా కలుపుతోందేమో అనుకునేదాన్ని. ఉప్పు వాసన చూశాను, నాలిక మీద వేసుకున్నాను. ఎవరైనా తీస్తే తెలుస్తుందని మూతమీద దారప్పోగు కూడా పెట్టాను, ఛీ! పండగయ్యాక ఒకరోజు నేను సెల్లార్ మెట్లు దిగుతుండగానే ఆవిడ కనబడింది. పీపా ముట్టుకోలేదు. దాని వెనక గోడకి అరచెయ్యి ఆనించి నిలబడింది. నన్ను చూసి చటుక్కున తీసేసింది.

"ఏం లేదులే, మోకాళ్ళు పట్టేస్తేను..."

మోకాళ్ళు పట్టేసినావిడ గోడని పొయ్యిమీది పెనంలా తాకి చూస్తుందా? ఆవిడ వెళ్ళాక నేనూ చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. ఆ గోడకి అవతల ఇల్లంతా వెచ్చబెట్టే బాయిలర్.

చల్లటి గోడ పక్కన రదోవన్ సారా పీపాలున్నాయి. "దీనికి చల్లదనం కావాలోయ్. క్యాబేజీదేముంది, ఎక్కడైనా పులుస్తుంది" అని మూడేళ్ళ కిందట పీపాల చోట్లు తనే మార్చాడు. రెండోవైపు పట్టుకుని జరిపించింది నేనే.

అన్నీ తెలిసి కూడా ఇన్నాళ్ళూ నేను నోరు మెదపలేదు. ముసలిదానికి తెలిసీ కొడుకుని అనలేక నన్నంటోంది, ఎంత గుండెలు తీసిన మనిషి అని లోలోపల తిట్టుకుంటూ కూచున్నాను. మరి నేను చేసిందేమిటి? నేనూ ఆయన్నేమీ అనలేదుగా! అత్తని అనుమానిస్తే తిట్టుకుని ఊరుకోవచ్చు. మొగుణ్ణి అనుమానిస్తే ఆ తరవాత ఏదో ఒకటి చెయ్యాలి. అందుకే అనుమానాన్ని కూడా నాకు తేలికైన చోటే పెట్టుకున్నాను. ఆ పిరికితనం ఈరోజు నా కూతురి చేతులదాకా వచ్చింది.

"యాగోదా, ఇలా రా. ఆ వైపు పట్టుకో."

సారా పీపాలు ఒక్కొక్కటే బాయిలర్ గోడ పక్కకి దొర్లించాం. క్యాబేజీ పీపాని చల్లటి మూలకి తెచ్చాం. తలుపు అడ్డొస్తుంటే అత్త తెరిచి పట్టుకుంది. సాయానికో, కొడుక్కి సాక్ష్యం చెప్పడానికో, ఆవిణ్ణి నేనింకా నమ్మను. యాగోద మోచేతులదాకా ఉప్పునీళ్ళలో ముంచి క్యాబేజీలు సర్దింది.

సాయంత్రం రదోవన్ సెల్లార్‌లోంచి అరిచాడు. "నా పీపాలు బాయిలర్ పక్కన పెట్టిందెవరు? సారా పాడైపోదూ?"

"ఎందుకు పాడవుతుంది, నీ హస్తవాసి మంచిదేగా!" అన్నాను.